మూగ్ మోగిన రాత్రి

కీబోర్డు మీద కింది నుంచి పదిహేడో మెట్టు. తెల్లది. ఇంగ్లీషు లెక్కలో ‘ఏ’ స్వరం. నలభై ఏళ్ళు దాటిపోయాయి. అయినా కళ్ళు మూసుకుని అడిగినా సరే, అది ఎక్కడుందో నా చూపుడు వేలు చెప్పేస్తుంది.

1984 నవంబరు. మద్రాసులో ముసురు పట్టి నాలుగు రోజులైంది. వడపళనిలో ఆర్కాటు రోడ్డు పక్క సందులో మా గురువుగారి షాపు. షాపంటే ఒక గది, ముందు రేకుల పంచ, అంతే. రాత్రి ఎనిమిదింటికి షట్టరు దించబోతుంటే ఆటో వచ్చి ఆగింది. కీబోర్డు మాస్టారు దిగారు. వెనక సీట్లో దుప్పటి చుట్టిన పెట్టె. తను తడిసిపోతున్నా గొడుగు ఆ పెట్టెకే పట్టి, నా సాయంతో లోపలికి తెచ్చారు.

“శ్రుతి నిలబడట్లేదండీ. పాడుతూ పాడుతూ జారిపోతోంది. పొద్దున్న ఏడింటికి కాల్షీటు. నా పరువు మీ చేతుల్లో ఉంది” అన్నారు.

దుప్పటి విప్పితే మినీమూగ్. అప్పటికి ఏడాదిగా గురువుగారి దగ్గర పని నేర్చుకుంటున్నాను కానీ, దాన్ని అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. చుట్టూ నున్నటి చెక్క, లేపి నిలబెడితే అద్దంలా ఏటవాలుగా నిలిచే నల్లటి ప్యానెల్, దాన్నిండా నాబులు. ఎడమ చేతి వైపు రెండు చక్రాలు. మెట్లు 44, ఎఫ్‌తో మొదలై సి దాకా. కీ అనాలేమో గానీ, హార్మోనియానికైనా వీణకైనా మన ఇళ్ళలో మెట్లు అనే అంటాం. గురువుగారూ అదే మాట అనేవారు. నాకూ అదే అలవాటైపోయింది.

అమెరికాలో రాబర్ట్ మూగ్ అనే ఆయన కంపెనీ 1970లో తెచ్చిన సింథసైజర్ అది, అంటే కరెంటుతో స్వరాలు పుట్టించే వాయిద్యం. 1981 వరకూ తయారు చేశారు. అంతకుముందు సింథసైజర్ అంటే గోడకి నిలబెట్టిన బీరువా అంత ఉండేది. వైర్లు ఒక చోట పీకి ఇంకోచోట గుచ్చితే తప్ప పలికేది కాదు. ఈయన దాన్ని ఒక మనిషి మోసుకెళ్ళగలిగే పెట్టెలోకి దించాడు. ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. కానీ ఆ ఒక్క స్వరానికి ఎంత బలం ఉంటుందో! కింది స్థాయిలో పట్టి వదిలితే మా షాపు రేకులు అదిరేవి. మేమంతా దాన్ని ‘మూగ్’ అనేవాళ్ళం. మద్రాసులో అందరూ అలాగే అనేవారు.

గురువుగారి గురించి చెప్పాలి. ఆయనది బొబ్బిలి పక్క పల్లె. అక్కడ గొల్లపల్లిలో పనస దుంగని తొలిచి, అతుకు లేకుండా ఒకే కర్రతో వీణ చేస్తారు. ఆ ఇళ్ళ అరుగుల మీద ఆడుకుంటూ పెరిగిన మనిషి. కరిగించిన మైనం మీద 24 మెట్లు ఒక్కొక్కటే నిలబెట్టి, మీటి విని, వెంట్రుక వాసి జరిపి, మళ్ళీ మీటి విని మేళం కట్టడం చిన్నతనంలో రోజూ చూశారట. ఆ తర్వాత రేడియో రిపేరు నేర్చుకుని, సినిమా వాళ్ళుంటారని మద్రాసు వచ్చేశారు. వాయిద్యాలకి కరెంటు వచ్చిన కొత్తలో వాటిని విప్పే ధైర్యం చాలామందికి లేదు. ఈయన విప్పారు. పాత యూనివాక్స్ కీబోర్డులు, ఎకో మిషన్లు, గిటారు ఆంప్లిఫయర్లు, స్టూడియోల వాళ్ళ మైకులు, ఏది పాడైనా ఈ సందులోకి రావాల్సిందే.

నేను కాకినాడలో పాలిటెక్నిక్ డిప్లొమా చేసి, ఉద్యోగం దొరక్క, మా మావయ్య రాసిచ్చిన ఉత్తరం పట్టుకుని మెయిలెక్కి వచ్చాను. ఉత్తరం చదివి మడిచి జేబులో పెట్టుకుని, “టాకా వెయ్యడం వచ్చేటి?” అని అడిగారు. వచ్చండీ అన్నాను. ఒక తెగిన మైకు వైరు ఇచ్చారు. నేను అతికించింది చూసి ఏమీ అనకుండా విప్పేసి, తను అతికించి చూపించారు. ఆ రోజు నుంచి షాపు వెనక అరుగే నా పడక.

ఆ రాత్రి మాస్టారు చెప్పిన మాట ప్రకారమైతే తప్పు ఆసిలేటర్లదే, అంటే లోపల స్వరాన్ని పుట్టించే సర్క్యూట్లదే. ఈ వాయిద్యానికి వేడెక్కే కొద్దీ శ్రుతి కదిలే గుణం ఉంది. స్విచ్ వేశాక కాసేపు ఆగి, ప్యానెల్ మీద ఏ-440 అని ఒక మీట ఉంటుంది, దాన్ని వేస్తే సెకనుకు 440 కంపనాల స్వరం నిలకడగా వస్తుంది, దానితో మన ‘ఏ’ మెట్టుని కలుపుకుంటారు. మాస్టారు చూపించారు. కలిపారు. కలిసింది. నాలుగు స్వరాలు వాయించి మళ్ళీ ‘ఏ’ నొక్కితే ఎక్కడో పలికింది. మళ్ళీ కలిపారు. మళ్ళీ తప్పింది. ఈసారి ఇంకోచోట.

గురువుగారు స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నారు. మాస్టారు వాయిస్తుంటే వేళ్ళ వంక చూడలేదు, గోడ వంక చూస్తున్నారు. అయిదు నిమిషాలకి,

“తప్పింది ఎంత తప్పింది?” అన్నారు.

“ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. లెక్క లేదండీ.”

“లెక్కుంది బాబూ. దానికి ముందు ఏది నొక్కారో అదే పలుకుతోంది.”

మాస్టారు ‘జి’ నొక్కి ‘ఏ’ నొక్కారు. జి పలికింది. ‘బి’ నొక్కి ‘ఏ’ నొక్కారు. బి పలికింది. అయిదోసారి మాత్రం ‘ఏ’ చక్కగా పలికింది. ఆయన మొహంలో ఒక్కసారిగా టెన్షన్ దిగిపోయింది. నాకు మాత్రం అర్థం కాలేదు.

అర్థమయ్యేలా చెప్పింది ఆ తర్వాతే. మాస్టారిని ఇంటికి వెళ్ళి పడుకోమని పంపేసి, గురువుగారు కాగితం మీద బొమ్మ గీశారు. వరసగా రెసిస్టర్లు, అంటే కరెంటుని కాస్త అడ్డుకునేవి, అన్నీ ఒకే విలువవి, దండలా గుచ్చినట్టు. మెట్టుకీ మెట్టుకీ మధ్య ఒకటి. ఆ దండలో సన్నగా కరెంటు పారుతుంటుంది కాబట్టి పైకి వెళ్ళే కొద్దీ వోల్టేజి మెట్లు మెట్లుగా పెరుగుతుంది. ఒక స్థాయి దాటితే సరిగ్గా 1 వోల్టు. స్థాయికి 12 స్వరస్థానాలు కదా, ఒక్కో దానికి వోల్టులో 12వ వంతు, అంటే సుమారు 83 మిల్లీవోల్టులు. మనం మెట్టు నొక్కితే దాని అడుగున ఉన్న సన్నటి స్ప్రింగు తీగ వెళ్ళి ఒక పొడుగాటి కడ్డీకి తగులుతుంది. ఆ మెట్టు దగ్గరి వోల్టేజి కడ్డీ మీదుగా లోపలికి వెళ్ళి, ఒక చిన్న కెపాసిటర్‌లో నిలబడుతుంది. వేలు తీసేసినా స్వరం కిందికి జారిపోకుండా పట్టి ఉంచేది అదే.

“ఒక్కో మెట్టుకీ తీగలు రెండు, దేని కడ్డీ దానిదే. ఒకటి ఏ స్వరమో చెప్తాది. రెండోది ‘ఇప్పుడు పలుకు’ అంటాది. మొదటిది తగల్లేదనుకో, రెండోది తగిలింది. అప్పుడేటవుతాది?”

“పలకమన్నారు కానీ ఏది పలకాలో చెప్పలేదు. పాత వోల్టేజే ఉంది కాబట్టి పాతదే పలుకుతుందండీ.”

“అదే.”

ఇది నిర్ధారణ చేసుకోవడానికి ఇంకో చిట్కా కూడా నేర్పారు. ఈ వాయిద్యంలో రెండు మెట్లు కలిపి నొక్కితే కిందిదే గెలుస్తుంది. అందుకని పై చివరి మెట్టు ఎడతెగకుండా నొక్కి పట్టుకుంటే ‘పలుకు’ అనే మాట అందుతూనే ఉంటుంది. అప్పుడు అనుమానం ఉన్న మెట్టుని నొక్కాలి. స్వరం కిందికి దిగకపోతే స్వరం తీగ పట్టడం లేదు. దిగి, విడిగా నొక్కినప్పుడు మాత్రం శబ్దం రాకపోతే రెండో తీగ పట్టడం లేదు. మీటరు కూడా అక్కర్లేదు. ఆ రాత్రి 44 మెట్లూ అలా వరసన చూశాను. ‘ఏ’ దాదాపు పూర్తిగా పోయింది. ఇంకో మూడు అప్పుడప్పుడు తడబడుతున్నాయి.

అమెరికా కరెంటుకి చేసింది కాబట్టి పక్కన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. దాన్ని గోడ నుంచి పీకేసి, నేల మీద పాత పంచె పరిచి, దాని మీద విప్పడం మొదలుపెట్టాం. తీసిన మరలన్నీ అగ్గిపెట్టెల్లో వేసి, ఏ మూలవో పైన రాయడం నా పని. కీబోర్డు మొత్తం బయటికి వచ్చాక టేబుల్ ల్యాంపు వంచి చూపించారు. ఆ దృశ్యం ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. జుట్టు కన్నా కాస్త లావుండే తీగలు, జంటలు జంటలుగా, దువ్వెన పళ్ళలా బారుగా. వాటి కింద మెరవాల్సిన కడ్డీలు. మెరవడం లేదు. పాతబడిన వెండి పట్టీలకి పట్టే మసకలాంటిది వాటిమీద పట్టి ఉంది. మధ్య భాగంలో మాత్రం మసకతో పాటు జిగురు. వేలితో ముట్టకుండా వాసన చూసి, “కుట్టు మిషను నూనె” అన్నారు గురువుగారు. ఎవరో అంతకుముందు మెట్లు గట్టిగా ఉన్నాయని వదులవడానికి నూనె వేశారు. ఆ నూనెకి దుమ్ము అంటుకుంది. దాని మీద మద్రాసు ఉప్పుగాలి, రికార్డింగుకి ముందు రోజూ వేసే సాంబ్రాణి పొగ, కర్పూరం మసి, వేళ్ళ చెమట. ఏళ్ళ తరబడి పొర మీద పొర.

నేను ఉప్పుకాగితం తీశాను. నా చేతి మీద గట్టిగానే ఒకటి వేశారు. ఆయన నన్ను కొట్టడం అదొక్కసారే.

“దాని మీద పూతుంటాదిరా. గీకేస్తే ఇవాళ పలుకుతాది, ఆర్నెల్లకి మళ్ళీ చచ్చిపోతాది. అప్పుడు ఇంక దేవుడు కూడా బాగుచెయ్యలేడు.”

మరి దేంతో? మూడు వస్తువులు. మెత్తగా ఉతికి ఉతికి పలచబడిన పంచె గుడ్డ, సీసాలో సీటీసీ, ఒక పోస్టుకార్డు.

సీటీసీ అంటే కార్బన్ టెట్రాక్లోరైడ్. ఆ రోజుల్లో ప్రతి రేడియో షాపులోనూ ఉండేది. తియ్యటి వాసన, ఇట్టే ఆరిపోయేది. లివర్‌కి ఎంత చేటో అప్పుడు మాకెవరికీ తెలీదు. కిటికీ తీసి, ఫ్యాన్ వేసుకుని, అదే జాగ్రత్త అనుకునేవాళ్ళం. ఇప్పుడు దాన్ని ఎవరూ ముట్టుకోవద్దు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు, అది అన్నిచోట్లా దొరుకుతోంది. గుడ్డని వేలెడంత వెడల్పు పీలికలుగా చించి, ఒక కొస తడిపి, కడ్డీ పొడుగునా ఒకే వైపుకి తుడవాలి. ముందుకీ వెనక్కీ రుద్దితే తీసిన మురికే మళ్ళీ పూసినట్టు. ఒకసారి తుడిచిన చోటుతో రెండోసారి తుడవకూడదు. మొదటి పీలిక నల్లగా వచ్చింది. రెండోది గోధుమ రంగు. ఏడో ఎనిమిదో పీలికకి గానీ గుడ్డ తెల్లగా రాలేదు.

తీగలకి పోస్టుకార్డు. దాన్ని సన్నగా, అరంగుళం వెడల్పు కత్తిరించి, తీగకీ కడ్డీకీ మధ్య దూర్చి, మెట్టు సున్నితంగా నొక్కి పట్టుకుని, కార్డుని మెల్లగా లాగాలి. కార్డుకి ఉండే ఆ కాస్త గరుకుతనం తీగ కొనని తుడుస్తుంది, గీకదు. లాగినప్పుడల్లా కార్డు మీద సన్నటి నల్ల గీత పడేది. గీత పడకుండా వచ్చేదాకా లాగాలి. శుభలేఖలు బోలెడున్నాయి కదండీ, అవి వాడొచ్చా అని అడిగితే, “నున్నగా ఉంటాయి, పట్టవు. పైగా మూలల పసుపు” అన్నారు. 44 మెట్లు, రెండేసి తీగలు, 88 సార్లు. ఆయన కింద నుంచి, నేను పై నుంచి మొదలుపెట్టాం.

పన్నెండు దాటాక వాన జోరందుకుంది. రేకుల మీద చప్పుడుకి మాట వినపడక సైగలు చేసుకున్నాం. అమ్మగారు ఎదురింటి మేడ మీద నుంచి కొంగు నెత్తిన వేసుకుని ఫ్లాస్కుతో కాఫీ తెచ్చారు. ఆవిడ వీణ వాయించేవారు, బొబ్బిలి వీణే. నేల మీద విడి భాగాలు చూసి, “ఇది మెట్టు మీద గమకం పలుకుతుందా?” అని అడిగారు. ఎడమ పక్క చక్రం చూపించి గురువుగారు వివరించారు. ఆ చక్రం ముందుకీ వెనక్కీ తిప్పితే స్వరం వంగుతుంది. ఒక మెట్టు వదలకుండా ఇంకోటి నొక్కితే కొత్త మీటు పడదు, స్వరం మాత్రం మారుతుంది. “ఒక మీటుకి తీగ లాగి మూడు నాలుగు స్వరాలు పలికిస్తావే, అలాగ” అన్నారు. ఆవిడ కాసేపు ఆలోచించి, “అయితే దీన్ని చేసినాయన వీణ విన్నాడేమో” అన్నారు. సింథసైజర్ గురించి ఆ తర్వాత ఎన్ని చదివానో, ఎన్ని విన్నానో. అంత మంచి మాట మళ్ళీ తగల్లేదు. రాబర్ట్ మూగ్ వీణ విన్నాడో లేదో గానీ, మన వాళ్ళు ఆ చక్రాన్ని వాడిన తీరు చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు.

రెండింటికి నా చేతిలో తప్పు జరిగింది. నిద్ర ముంచుకొస్తోంది. పద్దెనిమిదో మెట్టు, ‘ఏ’ పక్కనున్న నల్లది. కార్డు ఇరుక్కుంది. మెట్టు మీద వేలు తియ్యకుండా లాగేశాను. కార్డుతో పాటు తీగ కొన కూడా వంగింది. చూస్తే కనపడనంత వంగింది. నేను చెప్పలేదు. భయం. విరగలేదు కదా, తగులుతోంది కదా అనుకున్నాను.

కలిపి చూసేటప్పుడు బయటపడింది. కరెంటు పెట్టి కింద నుంచి పైకి ఒక్కొక్కటే నొక్కుతున్నారు గురువుగారు. ‘ఏ’ చక్కగా, గుండ్రంగా పలికింది. నాకు ఒళ్ళు పులకరించింది. పక్క మెట్టు నొక్కగానే పిచ్చుక పిల్ల కూసినట్టు ‘కుయ్’మని, తర్వాత అసలు స్వరం. మళ్ళీ నొక్కారు. మళ్ళీ అదే. నా వైపు చూశారు.

“వంగిందా?”

తల ఊపాను.

తిడతారనుకున్నాను. కుర్చీలోంచి లేచి, “కూర్చో. నువ్వే సరిచెయ్యి” అన్నారు.

సంగతి ఏమిటంటే, ఆ రెండు తీగలూ ఒకేసారి తగలకూడదు. ముందు స్వరం తీగ తగలాలి, వోల్టేజి కుదురుకోవాలి, ఆ తర్వాత రెండోది తగిలి ‘పలుకు’ అనాలి. వేలు కిందికి దిగే ఆ రెప్పపాటులోనే ఇదంతా. నేను వంచింది ఆ రెండో తీగని, అది ముందే తగిలిపోతోంది. అందుకే ముందు పాత స్వరం పలికి, వెంటనే కొత్తదానికి గెంతుతోంది. ఆ గెంతే ‘కుయ్’.

మళ్ళీ విప్పాం. పట్టకారుతో వంచితే తీగ మీద నొక్కు పడుతుందని, డ్రాయరులోంచి ఒక ఇంజెక్షను సూది తీశారు. మొన అరగదీసి మొద్దు చేసి ఉంచుకున్నారు. సూది బోలుగా ఉంటుంది కదా, దాని కంతలోకి తీగ కొనని దూర్చాలి. అప్పుడు సూదిని ఏ కాస్త వంచితే తీగ ఆ కాస్తే వంగుతుంది, నొక్కు పడదు. చేతులు వణుకుతున్నాయి. ఆయన నా మోచెయ్యి కింద మడిచిన తువ్వాలు పెట్టారు. ఊపిరి బిగబట్టమన్నారు. వంచి, మెట్టు మెల్లమెల్లగా నొక్కుతూ పక్కనుంచి చూడాలి. ఒక తీగ తగిలాక, మధ్యలో గీత మందం వెలుగు కనపడాలి, తర్వాత రెండోది. నాలుగోసారికి ఆ వెలుగు కనపడింది. ల్యాంపు కాంతిలో సన్నటి పసుపు గీత.

“వదిలెయ్యి. ఇంక ముట్టుకోకు” అన్నారు చెవి దగ్గరగా.

చివరగా ఆ కడ్డీలని పట్టి ఉంచిన చోట వదులు చేసి, వాటి చుట్టూ అవే తిరిగేలా కొంచెం తిప్పి మళ్ళీ బిగించారు. ఏళ్ళుగా తీగలు తగిలి తగిలి అరిగిన గీత పక్కకి పోయి, కొత్త చోటు తీగల కిందికి వచ్చింది. ఆ తిప్పడం చూసి, ఇంత సులువైనది ముందే చేస్తే పోయేది కదా అనుకున్నాను. మురికి తియ్యకుండా తిప్పితే మురికే తిరుగుతుందని ఆయన తర్వాత చెప్పారు.

నాలుగింటికి మూత పెట్టేముందు చెవి మీది పెన్సిల్ తీసి, నాకు ల్యాంపు పట్టుకోమని చెప్పి, లోపలి పక్క చెక్క మీద రాశారు. తను విప్పిన ప్రతి వాయిద్యంలోనూ అలా రాయడం ఆయన అలవాటు. తర్వాత విప్పేవాడికి తెలియాలి కదా అనేవారు. తెలుగులోనే రాసేవారు. ‘మూగ్. కార్తీకం 1984. కడ్డీ శుభ్రం, తిప్పినది. 17 సరి.’ కింద ఇంకో వరస: ‘18 తీగ అబ్బాయి సరిచేసినది.’

వంచింది కూడా అబ్బాయే అని రాయలేదు.

పొద్దున్న ఇద్దరం ఆటోలో పెట్టెతో పాటే స్టూడియోకి వెళ్ళాం. అప్పట్లో అందరూ ఒకేసారి వాయించేవారు. వయొలిన్లు, ఫ్లూటు, తబలా, గిటారు, అందరూ. ఒకరు తప్పితే అందరూ మళ్ళీ మొదటి నుంచి. మాస్టారు ‘ఏ’ మెట్టు మీద రెండుసార్లు వేలు వేసి మా వైపు చూసి తల పంకించారు. సాంబ్రాణి పొగ లేచింది. నేను గురువుగారి వంక చూస్తే ఆయన వయొలిన్ పెట్టెలకి ఆనుకుని కూర్చున్న చోటే నిద్రపోతున్నారు. రిహార్సల్ అయింది, టేకు అయింది, ఇంకో టేకు అయింది, లేవలేదు. రెండో చరణం ముందు మాస్టారొక్కరే వాయించే ముక్క ఉంది. ‘ఏ’ మీద మొదలై, పక్క నల్ల మెట్టు మీద నుంచి చక్రంతో వంగి, మళ్ళీ ‘ఏ’ మీదకి వచ్చి ఆగేది. నేను వేళ్ళు పిడికిలి బిగించి విన్నాను. కుయ్ అనలేదు.

బయటికి వచ్చాక “పలికిందేటి?” అని అడిగారు. పలికిందండీ అన్నాను. “మరైతే ఇడ్లీ తిందాం పద” అన్నారు.

మినీమూగ్ రోజులు అప్పటికే దగ్గర పడ్డాయని మాకు తెలియదు. 1983లో వచ్చిన యమహా డీఎక్స్7 నెమ్మదిగా మద్రాసు స్టూడియోలన్నిట్లోకీ చేరింది. 61 మెట్లు, ఒకేసారి 16 స్వరాలు, మీట నొక్కితే సిద్ధంగా 32 రకాల ధ్వనులు. శ్రుతి కదలదు. కాల్షీటు లెక్కన డబ్బు పోస్తున్నవాళ్ళకి ఇంకేం కావాలి? ఎవరినీ తప్పుపట్టను. నాకూ డీఎక్స్7 అంటే ఇష్టమే. మా షాపుకి వచ్చే పని మాత్రం మారింది. 1985 మే చివర మూర్ మార్కెట్ కాలిపోయింది. పాత సామాన్ల కోసం గురువుగారు ఆదివారాలు నన్ను తీసుకెళ్ళే చోటు అది. ఆ వారమంతా ఆయన ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మాస్టారి మినీమూగ్ ఇంకో మూడు నాలుగేళ్ళు దుప్పట్లోనే ఉండి, ఆ తర్వాత బొంబాయి మీదుగా ఎవరో విదేశీయుడి చేతికి వెళ్ళిందని విన్నాను. ఎంతకి అమ్మారో అడగలేదు.

సినిమాలతో పాటే నేనూ హైదరాబాదు వచ్చేశాను. గురువుగారు అమ్మగారితో సొంతూరు వెళ్ళిపోయారు. ఏడాదికోసారైనా వెళ్ళి చూసేవాణ్ణి. చివర్లో ఆయన గొల్లపల్లి పిల్లలకి వీణకి పికప్, అంటే నాదాన్ని ఆంప్లిఫయరుకి అందించే పరికరం, ఎలా పెట్టాలో చెప్తుండేవారు. 2003లో పోయారు.

ఆయన పోయిన చాలా ఏళ్ళకి ఒక వీడియోలో రాబర్ట్ మూగ్ తన పేరు తానే పలకడం విన్నాను. మూగ్ కాదట. మోగ్. రెండుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. మోగ్. మనం మోగడం అంటామే, అచ్చం అలా. ఇన్నేళ్ళూ మేమంతా ఆ పెట్టెని మూగదాన్ని చేసి పిలిచామన్నమాట. ఈ సంగతి చెప్పి ఉంటే గురువుగారు ఎంత సంబరపడేవారో! ముందు నమ్మేవారు కాదు. తర్వాత అమ్మగారిని పిలిచి, “ఇది విన్నావేటి?” అని ఆవిడతో కూడా పలికించేవారు. రాబర్ట్ మోగ్ 2005లో పోయారు, గురువుగారి తర్వాత రెండేళ్ళకి.

2016లో ఆ కంపెనీ మినీమోగ్‌ని మళ్ళీ తయారుచేస్తే, హైదరాబాదులో ఒక కుర్రాడి స్టూడియోలో దాన్ని చూశాను. అదే చెక్క, అదే నల్ల ప్యానెల్, అదే ఏ-440 మీట. కింది నుంచి పదిహేడో మెట్టు లెక్కపెట్టి నొక్కాను. తర్వాత పద్దెనిమిదోది. కుర్రాడు “ఏం చూస్తున్నారు అంకుల్?” అని అడిగాడు. మొత్తం చెప్పాను. కాఫీ చల్లారిపోయేదాకా విన్నాడు, ఆ ఇంజెక్షను సూది సంగతి రెండుసార్లు చెప్పించుకున్నాడు.

పాతది మాత్రం ఎక్కడుందో. ఏ దేశంలో, ఎవరి ఇంట్లో, ఏ గదిలో ఉందో. ఇది చదివేవాళ్ళలో వాయిద్యాలు బాగుచేసేవాళ్ళు ఉండొచ్చు, విదేశాల్లో అలాంటివాళ్ళతో స్నేహం ఉన్నవాళ్ళు ఉండొచ్చు. ఎప్పుడైనా ఒక పాత మినీమోగ్ విప్పినప్పుడు లోపలి పక్క చెక్క మీద పెన్సిల్‌తో రెండు వరసల తెలుగు కనిపిస్తే, చెరపకండి. 18వ మెట్టు ఒక్కసారి నొక్కి చూసి, ఎలా పలుకుతోందో నాకు చెప్పండి.